తమ్ముడు వినడు, అక్క ఊరుకుంటుంది

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. ఇద్దరినీ ఒకేలా పెంచాను. పాపతో ఏ ఇబ్బందీ లేదు, కాస్త గొంతు పెంచితే చాలు, ఏడుపు మొహంతో మూలకెళ్లి కూర్చుంటుంది. బాబు మాత్రం తిట్టినా, ఒక దెబ్బ వేసినా కాసేపటికి మళ్లీ అదే పని. నా పెంపకమే సరిగా లేదని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. ఏ ఇంట్లో పిల్లలైనా కొంత స్వభావాన్ని పుట్టుకతోనే తెచ్చుకుంటారు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే సైకియాట్రిస్టులు, భార్యాభర్తలే, 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి నూటముప్ఫై మందికి పైగా పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. పిల్ల స్వభావం, ఇంట్లోవాళ్ల తీరు ఒకదానికొకటి ఎంత కుదిరాయన్న దాన్ని బట్టే చాలా విషయాలు నడుస్తాయని వాళ్లకు తేలింది.

నిజానికి మీ ఉత్తరంలో నాకు ఎక్కువ దిగులేసింది పాప గురించి. భయపడే పిల్ల మీద అరిస్తే ఆ అరుపు తప్ప ఇంకేమీ చెవికెక్కదు, తను నోరు మూసుకుని కూర్చుంది కాబట్టి అర్థమైందని మనం అనుకుంటాం. పరిశోధకురాలు గ్రాజినా కొహాన్‌స్కా 1990ల్లో చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనాల్లో, భయస్తులైన పిల్లలకు తప్పొప్పులు ఒంటబట్టడానికి తల్లి మెత్తగా చెప్పడమే పనిచేసింది. భయం తక్కువున్న పిల్లల్లో దానివల్ల పెద్ద తేడా రాలేదు, వాళ్ల విషయంలో పనికొచ్చింది తల్లితో ఉన్న దగ్గరితనం.

మీ బాబు ఈ రెండో రకం పిల్లాడిలా ఉన్నాడు. దెబ్బలు పూర్తిగా మానేయండి, వాటివల్ల మొండితనం పెరగడమే తప్ప వచ్చేదేమీ లేదు. రోజూ ఓ పావుగంట ఫోన్ పక్కన పెట్టి వాడు చెప్పిన ఆట ఆడండి. నియమాలు రెండు మూడే పెట్టుకోండి, కానీ వాటిని ఏ రోజూ సడలించొద్దు. బొమ్మ విసిరాడా, అరవకుండా తీసి పైన పెట్టేయండి, రేపు ఇస్తానని చెప్పి రేపు తప్పకుండా ఇచ్చేయండి. మొదట్లో అల్లరి ఇంకా పెరగొచ్చు, అప్పుడే చాలామంది విసిగిపోయి మళ్లీ చెయ్యెత్తుతారు, కొన్ని వారాలు ఓపిక పట్టండి. స్కూల్లోనూ ఇదే గొడవ ఉన్నా, ఎవరినైనా గాయపరుస్తున్నా పిల్లల సైకాలజిస్ట్‌కి చూపించండి.

పాపకైతే పక్కన కూర్చుని, తగ్గు గొంతుతో ఒక్కసారి చెబితే చాలు. తమ్ముణ్ని తిడుతున్నప్పుడు తను పక్క గదిలో ఉన్నా ఆ టెన్షన్ తనకూ తగులుతుంది, ఈ రోజే దగ్గరికి తీసుకుని, నేను అరిస్తే నీకు ఎలా ఉంటుందని అడగండి.