గ్రౌండ్ లూప్ అయిందని అమ్మాయి ఎగరడం మానెయ్యాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై ఏళ్లు. ముక్కు కింద చక్రం (నోస్‌వీల్) ఉండే సెస్నా 172 మీద ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకుంది. ఇప్పటికి 70 గంటలు ఎగిరింది. ఎయిర్‌లైన్‌లో చేరాలని కోరిక. తోక కింద చక్రం (టెయిల్‌వీల్) ఉండే విమానం నడిపినవాళ్లే అసలైన పైలట్లని తోటివాళ్లు అంటుంటే, కమర్షియల్ శిక్షణ మొదలయ్యేలోపు అదీ నేర్చుకుంటానని చేరింది. ఆరో గంటలో, దిగిన తర్వాత విమానం గిర్రున తిరిగి రెక్క చివర నేలకు రాసుకుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారట. వెనక సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పటినుంచి ఫ్లయింగ్ క్లబ్బు వైపు వెళ్లడం లేదు. ఆమెతో పాటు చేరిన అబ్బాయికి ఎనిమిది గంటల్లోనే టెయిల్‌వీల్ వచ్చిందని లాగ్‌బుక్‌లో సంతకం అయిపోయింది. మా అమ్మాయికి ఈ వృత్తికి కావలసిన నేర్పు లేదేమోనని వాళ్ల నాన్న, నేను బెంగపడుతున్నాం. భవిష్యత్తుకు టెయిల్‌వీల్ మంచిదా, నోస్‌వీల్ మంచిదా? పోల్చి చెప్పగలరు.

జవాబు: అమ్మా, చక్రాల సంగతి తర్వాత చూద్దాం. మీ అసలు ప్రశ్న దానికి ముందు వాక్యంలో ఉంది. విమానం పేరు, గంటల లెక్క మారుతుంటాయి గానీ ఈ ప్రశ్న ఎంతోమంది తల్లిదండ్రుల నుంచి నాకు వస్తూనే ఉంటుంది. ఆరో గంటలో గ్రౌండ్ లూప్ అయినంత మాత్రాన మీ అమ్మాయికి నేర్పు లేదని కాదు. మిమ్మల్ని ఊరడించడానికి ఈ మాట అనడం లేదు. ఆ విమానం కట్టుబడి ఎలాంటిదో తెలిస్తే మీ భయంలో సగం అక్కడే పోతుంది.

సూపర్ మార్కెట్ ట్రాలీని గుర్తు తెచ్చుకోండి. ముందు రెండు చక్రాలు ఎటంటే అటు తిరుగుతాయి, వెనక రెండూ బిగించి ఉంటాయి. నున్నటి నేల మీద ముందుకు తోసి వదిలితే కాస్త వంకరగా మొదలైనా తనంతట తనే సర్దుకుని తిన్నగా పోతుంది. అదే ట్రాలీని వెనక్కి తోసి వదలండి. నాలుగడుగులు బాగానే వెళ్లి, ఒక్కసారిగా పక్కకు తిరిగి, ముందు వెనకలు తారుమారవుతాయి. నోస్‌వీల్ విమానం మొదటి ట్రాలీ, టెయిల్‌వీల్ విమానం రెండోది. టెయిల్‌వీల్ విమానంలో బరువు మోసే పెద్ద చక్రాలు రెండూ ముందుంటాయి, విమానం గరిమనాభి, అంటే బరువు కేంద్రం, వాటి వెనక ఉంటుంది. ముక్కు కొంచెం ఎడమకు తిరిగిందనుకోండి. వెనకున్న బరువు మాత్రం పాత దిశలోనే దూసుకుపోవాలని చూస్తుంది, దాంతో తోక ఇంకా పక్కకు తిరుగుతుంది. ఆ తిరుగుడు తనను తానే పెంచుకుంటుంది. పైలట్ కాళ్లు ఆపితే తప్ప ఆగదు. సెస్నా 172లో బరువు పెద్ద చక్రాలకు ముందుంటుంది కాబట్టి అదే చిన్న తప్పును విమానమే సరిదిద్దేస్తుంది.

మీ అమ్మాయి 70 గంటలపాటు తన తప్పులు దిద్దిపెట్టే విమానంలో కూర్చుంది. నేల తాకగానే పని అయిపోయిందని ఆమె కాళ్లు నేర్చుకున్నాయి. టెయిల్‌వీల్‌లో అసలు పని అప్పుడే మొదలవుతుంది. వేగం తగ్గేకొద్దీ తోక మీద పెడల్స్‌తో తిరిగే పలక, అంటే రడ్డర్ మీద గాలి పలచబడి దాని పట్టు తగ్గుతుంది. అప్పుడు దారి చూపాల్సింది తోక చక్రమూ బ్రేకులే. ముక్కును పైకీ కిందికీ కదిపే స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుంటేనే తోక చక్రం నేలకు గట్టిగా ఆనుతుంది. అది కూడా పెడల్స్‌తో తిరిగే రకమే అయినా, చాలా విమానాల్లో ఒక కోణం దాటి పక్కకు తిరిగితే పట్టు వదిలేసి స్వేచ్ఛగా తిరిగిపోతుంది. అక్కడినుంచి ఇన్‌స్ట్రక్టర్ కూడా ఆపలేని స్థితి రావచ్చు. "దిగిన తర్వాత" తిరిగిందని రాశారు చూశారా, నోస్‌వీల్ నుంచి వచ్చినవాళ్లలో సర్వసాధారణంగా జరిగేది సరిగ్గా అదే.

ఇందులో గ్రహించాల్సింది ఇంకొకటుంది. తప్పు దిద్దడంలో చాలామంది చేసే పొరపాటు ఆలస్యం, ఆ తర్వాత అతి. ముక్కు కదిలాక చూసి, కంగారుగా పెడల్ మొత్తం తొక్కుతారు. అది అవతలి వైపు తిరుగుతుంది. దాన్ని ఆపబోయి ఇంకోవైపు ఇంకాస్త ఎక్కువ తొక్కుతారు. మంచి పాదాలు చిన్నగా నొక్కి వెంటనే వదులుతాయి, అవసరమైతే రెండోవైపు అంతే చిన్నగా నొక్కుతాయి. కళ్లు మాత్రం రన్‌వే చివర ఉండాలి, ముక్కు మీద కాదు. ఇది పుట్టుకతో వచ్చే విద్య కాదు, కాళ్లకు అలవాటు కావాలి. సైకిల్ లాంటిదే.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు శిక్షణ ఇచ్చాను. నా సొంత శిక్షణలో వీల్ ల్యాండింగ్ నాకు ఎంతకీ పట్టుబడలేదు. పెద్ద చక్రాలు రెండే ముందు తాకేలా దించి, తోకను గాల్లోనే ఉంచి పరుగెత్తించడం అది. కాస్త గట్టిగా తాకితే వెనకున్న బరువు వల్ల తోక కిందికి పడుతుంది, రెక్క గాలిని ఎక్కువ కోణంలో అందుకుంటుంది, విమానం మళ్లీ పైకి లేస్తుంది. చక్రాలు తాకిన క్షణంలోనే స్టిక్‌ను రవ్వంత ముందుకు నొక్కాలి. దిగుతూ ముందుకు నొక్కడమంటే మనసు ఒప్పుకోదు. మూడు చక్రాలూ ఒకేసారి తాకించే త్రీ పాయింట్ ల్యాండింగ్ నాకు త్వరగా వచ్చింది, ఇది రావడానికి వారాలు పట్టింది. మా బ్యాచ్‌లో ఒకరికి సరిగ్గా దీనికి రివర్స్. వాళ్లెవరూ నాకంటే గొప్పా కాదు, తక్కువా కాదు.

ఇక ఎనిమిది గంటల అబ్బాయి సంగతి. తప్పుగా అనుకోకండమ్మా, ఈ వాక్యం చదివినప్పుడు నాకు బాధేసింది. ఆ పోలిక మీరు నాకు రాయడానికి ముందే అమ్మాయి చెవిన పడి ఉంటుంది. అమెరికా నిబంధనల్నే చూడండి. టెయిల్‌వీల్ విమానానికి పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే బాధ్యత వహించే పైలట్‌గా ఉండాలంటే ఇన్‌స్ట్రక్టర్ సంతకం కావాలి. 1991 ఏప్రిల్ 15కు ముందే ఆ హోదాలో ఇలాంటి విమానాలు నడిపినవారికి మినహాయింపు ఉంది. మామూలు, పక్కగాలి టేకాఫ్‌లూ ల్యాండింగ్‌లూ, తయారీదారు వద్దనని విమానాల్లో వీల్ ల్యాండింగ్‌లూ, దిగడం మానుకుని మళ్లీ పైకి లేచే గో అరౌండ్‌లూ నేర్పి, వచ్చాయని ఇన్‌స్ట్రక్టర్‌కు నమ్మకం కుదరాలి. కనీసం ఇన్ని గంటలని ఎక్కడా లేదు. విద్య వచ్చిన రోజే సంతకం. అలాంటిచోట మీరిద్దరూ కూర్చుని గంటలు లెక్కపెట్టడం ఏం న్యాయం? పక్క ఇంటి మార్కులు అడిగినట్టు పక్క పిల్లాడి గంటలు అడుగుతున్నారు. ఆ అబ్బాయి గాలి లేని ఉదయాల్లో గడ్డి రన్‌వే మీద నేర్చుకున్నాడేమో. గడ్డి మీద టైర్లు కాస్త పక్కకు జారుతాయి, తప్పును క్షమిస్తాయి. తారు, కాంక్రీటు పట్టుకుని వదలవు. విమానం మొదటి తప్పుకే తిరగబడుతుంది. ఈ తేడా మీ లెక్కలో ఉందా?

"టెయిల్‌వీల్ వచ్చినవాడే పైలట్" అన్న మాట గురించి నా అభిప్రాయం చెప్పాలి. ఈ మధ్య పిల్లలు ఆ మాట పట్టుకునే వస్తున్నారు. లావు టైర్ల సూపర్ కబ్ అనే చిన్న విమానం గులకరాళ్ల మీద నాలుగు విమానాల పొడవులో ఆగిపోయే వీడియోలు చూసి వస్తారు. ఆ పైలట్ల చేతిలో నిజంగానే గొప్ప విద్య ఉంది, కాదనను. కానీ ఆ వీడియో వెనక వేల గంటలు ఉన్నాయని ఎవరూ చెప్పరు. ఇంకో మాటా వింటుంటాను: గ్రౌండ్ లూప్ అయినవాళ్లు, కాబోయేవాళ్లు అని పైలట్లు రెండే రకాలట. ఓదార్పుకి అంటారు గానీ నాకు ఆ మాట నచ్చదు. దాన్ని నమ్మిన కుర్రాడు జాగ్రత్త తగ్గిస్తాడు. మీ అమ్మాయి లాంటి పిల్ల నమ్మితే, ఇంకోసారీ తప్పదని భయపడుతుంది. ఇది నేర్చుకుంటే తప్పించుకోగలిగేదే. ఇంకో సంగతీ ఆలోచించండి. నోస్‌వీల్ ఎందుకొచ్చింది? 1948లో వచ్చిన సెస్నా 170 టెయిల్‌వీల్ విమానం. ముక్కు కింద చక్రంతో దాని తర్వాతి రూపమే 1956 నాటి 172. అది 44 వేలకు పైగా తయారైంది. సామాన్యుడు క్షేమంగా దిగడానికి చేసిన మంచి మార్పు అది. దాని మీద నేర్చుకున్నవాళ్లు సగం పైలట్లయితే ఇవాళ్టి ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లలో సగం పైలట్లే ఎక్కువ.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి చెబుతాను. ఎయిర్‌లైన్ జెట్‌లన్నీ నోస్‌వీల్‌వే. అక్కడికి వెళ్లాలంటే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్, మల్టీ ఇంజిన్, ఇంకొకరితో కలిసి పద్ధతిగా పనిచేసే క్రమశిక్షణ లెక్కలోకి వస్తాయి. టెయిల్‌వీల్ గంటలు షరతు కాదు. అది లేకపోతే తలుపు మూసుకుపోదు. అయితే పొలాలకు మందు చల్లే ఎయిర్ ట్రాక్టర్, థ్రష్ లాంటి విమానాలు, గ్లైడర్లను లాగే పైపర్ పానీ, మారుమూల కొండ ప్రాంతాల్లో దిగే చిన్న విమానాల్లో చాలా, గాల్లో విన్యాసాలు చేసే ఏరోబాటిక్స్‌లో పిట్స్, డెకథలాన్, ఇవన్నీ తోక చక్రంవే. ప్రొపెల్లర్ నేలకు ఎత్తులో ఉంటుంది, ఎగుడుదిగుడు నేలకు తట్టుకుంటుంది, ముక్కు కింద విరిగిపోయే కాలు ఉండదు. అటువైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది తప్పనిసరి విద్య. ఆ పనులూ మంచి ఉద్యోగాలే, తక్కువ చేసి చూడకండి.

మీ అమ్మాయికి మాత్రం దీనివల్ల ఒక లాభం ఉంది, అది ఉద్యోగ ప్రకటనల్లో కనిపించదు. పక్కగాలిలో దిగేటప్పుడు విమానం రన్‌వేకి సమాంతరంగా, పక్కకు కొట్టుకుపోకుండా తాకాలి. నోస్‌వీల్‌లో కాస్త అటూఇటూ తాకినా బతికిపోతాం కాబట్టి చాలామందికి అది పూర్తిగా రాదు. తోక చక్రం దగ్గర ఆ బద్ధకం సాగదు. ముక్కు పైకెత్తి ఉండటంతో ముందు దారి కనిపించని విమానాన్ని మెలికలు తిప్పుతూ నేల మీద నడపడం (ట్యాక్సీ), టేకాఫ్‌లో తోక లేచేటప్పుడు ప్రొపెల్లర్ గిరాగిరా తిరిగే బలంతో ముక్కు పక్కకు లాగుతుంటే ముందే పెడల్ వేయడం, ఇవి కాళ్లకు చెవులు మొలిపిస్తాయి. రేపు ఏ విమానం ఎక్కినా ఆ కాళ్లు ఆమెవే.

అందుకని పూర్తి చేయమనే నా సలహా. కానీ ఇప్పుడే కాదు, ఆమె అడిగినప్పుడు. కమర్షియల్ శిక్షణ తేదీ దగ్గర్లో ఉంటే అది ముందు మొదలుపెట్టనివ్వండి, ఇది సెలవుల్లో చేసుకోవచ్చు. తిరిగి వెళ్లినప్పుడు మొదటి గంట అసలు గాల్లోకి లేవకుండా నేల మీదే గడపమని ఇన్‌స్ట్రక్టర్‌ని అడగమనండి. నెమ్మదిగా ట్యాక్సీ, తర్వాత కొంచెం వేగంగా, తోక లేపి దించడం. విమానం ఎందుకు తిరిగిందో ఆ రోజు జరిగింది జరిగినట్టు ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని మాట్లాడనివ్వండి. "నువ్వు పెడల్ ఆలస్యంగా వేశావు" అని సూటిగా చెప్పే మనిషి అయితే మంచిదే. "పర్వాలేదులే" అని దాటేసే మనిషి అయితే ఇంకొకరిని వెతకండి. గ్రౌండ్ లూప్‌లో ఎక్కువగా దెబ్బతినేది రెక్క చివర, చక్రం కాలు, ఒక్కోసారి ప్రొపెల్లర్. రిపేరు ఎంతయింది, ఎవరు కట్టాలి అన్న చర్చ అమ్మాయి ముందు పెట్టకండి. అది మీరూ క్లబ్బూ తేల్చుకోండి.

ఇంకొక్కటి. ఎగిరొచ్చిన ప్రతిసారీ "ఇవాళ సరిగ్గా దింపావా?" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అడిగేవారని నా అనుమానం. అడగకండి. తను మళ్లీ వెళ్లిన రోజు ఫోన్ కూడా చేయకండి. ఇంటికొచ్చాక తనే మొదలుపెడితే వినండి.