దాణా ఖాళీ, పొడి మాత్రం అడుగున

ప్రశ్న: నా దగ్గర 9 ఏళ్ల ఆడగుర్రం ఉంది. బరువు సుమారు 450 కిలోలు. రోజుకు గంటసేపు స్వారీ తప్ప దానికి పెద్ద పని లేదు. గిట్టలు పెళుసుగా ఉన్నాయని బయోటిన్ అనే విటమిన్, కీళ్ల కోసం ఒక పొడి, వీటికి తోడు ఖనిజ లవణాల పొడి, బెదురు తగ్గుతుందని ఎవరో చెబితే మెగ్నీషియం, మొత్తం నాలుగు రకాలు ఉదయం దాణాలో కలుపుతున్నాను. అంతకుముందు బకెట్ నాకి మరీ తినేది. పొడులు కలిపిన మొదటి రోజే వాసన చూసి తల తిప్పుకుంది. మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే తీపి మడ్డి) పోస్తే మూడు రోజులు తిన్నది, నాలుగో రోజు నుంచి మొలాసిస్ ఉన్నా ముట్టడం లేదు. ఇప్పుడు ఏమీ కలపకపోయినా ఆ బకెట్ కనబడితే అనుమానంగా నిలబడిపోతోంది. ఒక పూట గడ్డి ఆపేస్తే ఆకలికి అదే తింటుందని అనుభవం ఉన్నవారు ఒకరు అన్నారు. అలా చేయవచ్చా?

జవాబు: చివరి మాటకు ముందు జవాబు చెబుతాను. అలా చేయకండి. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు మాత్రమే పడుతుంది. అందులో మేత ఉన్నా లేకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లానికి విరుగుడైన లాలాజలం మాత్రం గుర్రం నమిలినప్పుడే ఊరుతుంది. గడ్డి లేకుండా గంటల తరబడి నిలబెడితే కడుపు పైభాగంలో పుండ్లు పడే ప్రమాదం పెరుగుతుంది. అలా పుండ్లు పడిన గుర్రం తరచుగా గడ్డి కన్నా ముందు దాణానే వదిలేస్తుంది కాబట్టి, దాణా తినిపించడానికి పెట్టిన పస్తు ఆ దాణా మీదే విముఖత తెచ్చిపెట్టవచ్చు. మీ గుర్రం బరువుకు, తేమ మినహాయించిన లెక్కన, రోజుకు కనీసం 6.75 కిలోలు, మామూలుగా 9 కిలోల దాకా గడ్డి అందుతూ ఉండాలి.

గుర్రానిది ఉత్త పేచీ అని తీర్మానించే ముందు దాని నోరు పరీక్ష చేయించండి. గుర్రం దవడపళ్ళు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటకు వస్తూనే ఉంటాయి, వచ్చినంత మేరా నమలడంలో అరుగుతూ ఉంటాయి. పై దవడ వెడల్పుగా, కింది దవడ ఇరుకుగా ఉండటం వల్ల ఆ అరుగుదల సమంగా సాగక, పై పళ్ళకు బుగ్గవైపున, కింది పళ్ళకు నాలుకవైపున పదునైన అంచులు లేస్తాయి. సగం నమిలిన గడ్డి ఉండలు నోట్లోంచి జారి పడుతున్నా, తల ఒక పక్కకు వంచి నములుతున్నా, పేడలో గింజలు గింజలుగానే కనబడుతున్నా పళ్ళ మీద అనుమానం పెట్టుకోవాలి. ఏడాదికి ఒకసారైనా పశువైద్యుని చేత చూపించి, అవసరమైతే ఆ అంచులను ఆకురాయితో అరగదీయించడం మంచిది. కడుపులో పుండ్ల సంగతి గొట్టపు కెమెరాతో లోపల చూస్తేనే నిర్ధారణ అవుతుంది. పొడులు కలపక ముందు బకెట్ నాకి తినేదని మీరు రాసిన మాట నాకు కొంత ధైర్యమిచ్చింది. మీ గుర్రం విషయంలో తప్పు నోటిది కాదు, బకెట్‌లోనిదే అయి ఉండవచ్చు. అయినా పరీక్ష మానకండి.

ఒక రోజు తొందర లేకుండా పక్కన నిలబడి అది తినే తీరు గమనించండి. గుర్రం పై పెదవి మన వేలిలా పనిచేస్తుంది. గింజను గింజను తడిమి, కావలసినది లోపలికి లాక్కుని, అక్కరలేనిదాన్ని పక్కకు నెడుతుంది. మధ్యలో ముక్కుపుటాలతో ఒక్కసారి బుస్సుమని ఊదితే తేలికపాటి పొడి ఎగిరి బకెట్ గోడకు అంటుకుంటుంది, మిగిలింది గింజల సందుల్లోంచి జారి అడుగుకు చేరుతుంది. తిన్నాక బకెట్ అంచు మూలలో వేలు పెట్టి చూడండి. బూడిదరంగు ముద్ద తగిలితే, మీరు కొలిచి వేసిన మోతాదులో చాలా భాగం అక్కడే ఉందన్నమాట. పూర్తిగా తింటోందని యజమానులు ధైర్యంగా ఉన్న చోట్ల కూడా ఆ ముద్ద నా వేలికి చాలాసార్లు తగిలింది.

ఇంకొక పని: మీరు కలిపే ప్రతి డబ్బా మూత తీసి మీరే వాసన చూడండి. ఒక ముసలి గుర్రం ఉన్నట్టుండి దాణా మానేసిందని పిలిస్తే వెళ్ళి, పళ్ళు చూసి, పొట్ట చప్పుడు విని, రక్తపరీక్షకు రాసిచ్చి బయలుదేరబోతూ, గుమ్మం పక్కన మూత వదులుగా ఉన్న అవిసెగింజల పొడి డబ్బా చూశాను. పాత రంగుడబ్బా తెరిచినట్టు గుప్పుమంది. నూనె ఉన్న పొడి గాలి తగిలితే చెడిపోతుంది, ఆ చెడును మనకన్నా ముందు గుర్రం పసిగడుతుంది. ఆ డబ్బా అవతల పారేసిన మర్నాడే అది మామూలుగా తిన్నది. రక్తపరీక్షకు అయిన ఖర్చు గురించి ఆ యజమాని నన్ను ఏమీ అనకపోవడం ఆయన పెద్దమనసు.

ఇక మీ గుర్రాన్ని మళ్ళీ దారిలో పెట్టే పద్ధతి. ఆ బకెట్‌ను కొన్నాళ్లు దాని కంట పడనీయకండి. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న మరో తొట్టిలో, వీలైతే వేరే చోట, ఒక వారం పాటు ఏ పొడీ లేని దాణా మాత్రమే పెట్టండి. అనుమానం పోయి మళ్ళీ అడుగు నాకడం మొదలుపెట్టాక, అన్నింటికన్నా అవసరమైన పొడిని ఒక్కదాన్నే, చిటికెడు మాత్రమే కలపండి. అది తింటే రెండు మూడు రోజులకొకసారి కొద్దిగా పెంచుతూ, పది పద్నాలుగు రోజుల్లో పూర్తి మోతాదుకు చేరండి. మధ్యలో ఎక్కడైనా వెనకడుగు వేస్తే మీరూ ముందటి మెట్టుకు దిగాలి. చాలామంది ఓపిక నశించేది ఇక్కడే: నాలుగు రోజులు తిన్నదని ఐదో రోజు చెంచా నిండా వేస్తారు, మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది. పూర్తి మోతాదును రెండు పూటలకు పంచితే వాసన ఘాటు సగానికి తగ్గుతుంది.

పొడి గింజకు అంటుకుంటే ఏరి వదిలేయడం కష్టం కాబట్టి దాణా తడిగా ఉండాలి. నానబెట్టిన చక్కెరదుంప పిప్పి గానీ, నానబెట్టిన లూసర్న్ అనే పశుగ్రాసపు గుళికలు గానీ ఇందుకు బాగా పనికివస్తాయి. పిప్పి గుళికల రూపంలో ఉంటే మాత్రం బాగా నానాకే పెట్టాలి, వేడి రోజుల్లో అది త్వరగా పులుస్తుంది కనుక ఆ పూటకు కావలసినంతే నానబెట్టుకోవాలి. పొడులను పెట్టే ముందే కలపండి. సజీవ ఈస్ట్ ఉన్న పొడులను వేడినీళ్లలో కలిపితే అందులోని ఈస్ట్ చచ్చిపోతుంది.

రుచుల విషయంలో మనకు తోచినదాన్ని గుర్రానికి అంటగడతాం. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరిశోధకులు 8 గుర్రాలకు 15 రకాల రుచులు కలిపిన దాణా పెట్టి చూస్తే, అవి ఎక్కువగా మెచ్చినవి వరుసగా మెంతులు, అరటి, చెర్రీ, రోజ్‌మేరీ, జీలకర్ర, క్యారట్, పుదీనా జాతి పెప్పర్‌మింట్, ఒరెగానో. మెంతులు మొదటి స్థానంలో ఉండటం వంటింటి మనుషులకు వింతగా తోచవచ్చు. మీకు అక్కరకు వచ్చే సంగతి మరొకటి ఉంది: మామూలుగా వదిలేసే ఖనిజ గుళికలకే మెంతి, అరటి రుచులు పట్టిస్తే వాటిని త్వరగా తినేశాయి. కాబట్టి మొలాసిస్ బదులు కొద్దిగా మెంతిపొడి వేసి చూడండి, అదీ పొడులు లేని దాణాలో ముందుగా అలవాటు చేసిన తర్వాతే. మీ మొలాసిస్ నాలుగో రోజుకే చెల్లని కాసు కావడానికి కారణం ఇదే అని నా అభిప్రాయం. తీపి వాసన వస్తే వెనకాల చేదు కూడా వస్తుందని గుర్రం నేర్చేసుకుంది. పైగా ఒళ్లు చేసిన గుర్రాలకు, గిట్టల లోపలి వాపు జబ్బు లామినైటిస్ వచ్చినవాటికి మొలాసిస్ అసలు పనికిరాదు.

ఇంతకూ నాలుగు పొడులూ అవసరమా? మెగ్నీషియం బెదురు తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, మంచి గడ్డి తినే గుర్రానికి అది సాధారణంగా గడ్డిలోనే అందుతుంది. నోటికి సుద్దలా, చేదుగా ఉండే దాన్ని నేనైతే అన్నింటికన్నా ముందు తీసేస్తాను. బయోటిన్ రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే కొన్ని గుర్రాల గిట్టలు మెరుగుపడ్డాయి, అయితే గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది కనుక ముందుభాగం మొత్తం కొత్తగా రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. నాలుగు రోజులు తినకపోయినందుకు మీరు కంగారుపడనక్కరలేదు. ఖనిజ పొడిలోనూ, మిగతా డబ్బాల్లోనూ సెలీనియం అనే ఖనిజం రెండు మూడు చోట్ల ఉందేమో చీటీలు చదివి కూడండి. 500 కిలోల గుర్రానికి రోజుకు కావలసింది సుమారు 1 మిల్లీగ్రాము మాత్రమే. అది చాలాకాలం బాగా మితిమీరితే జూలు, తోక వెంట్రుకలు రాలి, గిట్టలే చీలుతాయి. ఏ జబ్బుకని పొడి మొదలుపెట్టారో ఆ జబ్బే దాని వల్ల రావడం విచిత్రం కాదు. మీ గడ్డిని పరీక్ష చేయించి, అందులో లేనిదాన్ని మాత్రమే కలిపితే నాలుగు డబ్బాలు ఒకటి రెండుకు దిగవచ్చు.

అప్పటికీ ఒక పొడి తప్పనిసరి అయి, గుర్రం ఒప్పుకోకపోతే, తీపి కలపని ఆపిల్ గుజ్జులో కలిపి 60 మిల్లీలీటర్ల సూదిలేని సిరంజితో నోటి పక్కన పళ్ళు లేని ఖాళీలోంచి, నాలుక మీదకు కొద్దికొద్దిగా ఎక్కించండి. ముందు రెండు మూడు రోజులు ఉత్త గుజ్జే ఇచ్చి అలవాటు చేయండి. చేదు మందులు ఇవ్వవలసి వచ్చినప్పుడు కూడా రోజువారీ దాణాలో దాచకుండా ఇలా విడిగా ఇస్తే బకెట్ మీద దాని నమ్మకం చెడదు.

ప్రశ్న: మా గుర్రం తన ఖనిజ పొడి ముట్టదు గానీ, పక్క పాకలోని ఆవుల దాణా మాత్రం ఇష్టంగా తింటుంది. ఖనిజాలు కలిసిన దాణాయే కదా, అదే పెట్టవచ్చా?

జవాబు: పెట్టకూడదు. పశువుల దాణాల్లో, ఖనిజ మిశ్రమాల్లో కొన్నింటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవులకు అది మేలు చేస్తుంది, గుర్రానికి ప్రాణాంతకం. కిలో బరువుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు చేరినా గుండె కండరం దెబ్బతిని చనిపోవచ్చు. చీటీ మీద ఆ పేరు లేకపోయినా, మందు కలిపిన దాణా తయారైన యంత్రంలోనే దీన్నీ తయారుచేసి ఉంటే కొంత కలిసి ఉండే వీలుంది. మీ గుర్రం ఈసరికే తిన్నదని మీరు రాశారు కాబట్టి, ఆ సంచి మీది చీటీ దగ్గర పెట్టుకుని ఈరోజే పశువైద్యుణ్ణి పిలిపించండి. అది చెమటలు పోస్తున్నా, వెనక కాళ్లు తడబడుతున్నా ఆయన వచ్చేదాకా నడిపించకుండా ఉన్నచోటనే నిలపండి, ఆవుల పాక తలుపుకు గడియ వేయించండి.