రంగు చూసి తీసేయకు

పలాస,
గురువారం రాత్రి

అమ్మలూ,

తమ్ముడు నోరు జారాడు. ఆదివారం మీ అమ్మ పుట్టినరోజని, తను లేవకముందే పాన్‌కేకులు చేసి పెడతావట. అదీ ప్యాకెట్ పిండితో కాదు, అన్నీ నువ్వే కొలిచి కలిపి. వినగానే వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. పక్క మీద వాలాక మాత్రం గ్యాస్ పొయ్యి, నీ చున్నీ కళ్ళముందు ఆడాయి. ఇక నిద్రెక్కడిది? ఫోన్ చేద్దామంటే మీ ఇంట్లో ఎత్తేది మీ అమ్మే. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీయించి మీ నాన్నకి పంపుతున్నాను. అవును, వాడికి చెప్పేశాను. కోపం వస్తే రానీ. పద్నాలుగేళ్ళ గుంట తెల్లవారుజామున ఒక్కత్తీ పొయ్యి వెలిగిస్తానంటే గుట్టుగా ఊరుకునే తాతని కాను. వాడు వంటింటి గుమ్మంలో కూర్చుంటాడు. చెయ్యి మాత్రం పెట్టడు, మాట తీసుకున్నాను.

టిఫిన్ కొట్టు తాతకి పాన్‌కేకులేం తెలుసనుకోకు. నిరుడు మీ అత్త కొడుకు అడిగితే రెండు ఆదివారాలు చేశాను. లావుపాటి మైదా అట్టు, అంతే. కప్పు మైదా, చెంచాడు బేకింగ్ పౌడర్, చెంచాడు పంచదార, చిటికెడు ఉప్పు ఒక గిన్నెలో. గుడ్డు, ముప్పావు కప్పు పాలు, చెంచాడు కరిగించిన వెన్న ఇంకో గిన్నెలో. ఆ తర్వాత రెండూ కలుపు. ఆరేడు వస్తాయి.

కలపడం దగ్గర నీ హుషారు కాస్త తగ్గించు. ఉండలు కనబడితే కనబడనీ. పరోటా పిండిని ఎందుకు అంతసేపు పిసుకుతాం? సాగాలని. ఇది సాగకూడదు. గిలక్కొట్టావంటే మెత్తగా రావాల్సింది చెప్పు అట్టలా వస్తుంది. పిండి కలిపి పది నిమిషాలు వదిలెయ్. అలాగని రాత్రే కలిపి ఫ్రిజ్‌లో దాచకు. మన అట్ల పిండి రాత్రంతా పులిసి పొంగుతుంది, దీనికి అంత ఓపిక లేదు. తడి తగలగానే పౌడర్ పని మొదలెడుతుంది, తెల్లారేసరికి సగం చచ్చిపోతుంది. మీ ఇంట్లో డబ్బా ఎప్పటిదో? చెంచాడు వేడినీళ్ళలో చిటికెడు వేసి చూడు, బుసబుసా పొంగితే బతికున్నట్టు. అది లేదు కదా అని వంటసోడా అదే చెంచాతో వేశావంటే సబ్బు నాకినట్టుంటుంది. సోడా అయితే పావు చెంచా చాలు, పాలకి బదులు పుల్లమజ్జిగ పోయాలి. పులుపు తగలకపోతే దాని చేదంతా పిండిలోనే మిగిలిపోతుంది.

ఇంక అసలు సంగతి. ఇది నీకెప్పుడూ చెప్పలేదు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మన మీద పడింది. నీకప్పుడు ఆరేళ్ళు, దసరాకి మా దగ్గరున్నావు. కొట్టు మీది రేకులు ఎగిరి ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు. జీడితోటలు, కొబ్బరిచెట్లు నేలమట్టం. కరెంటు లేదు, మిక్సీ లేదు, నానబోసిన మినపపప్పు కంపు కొట్టింది. మూడోనాడు సాయంత్రం డబ్బా అడుగున మైదా కనబడితే, బెల్లం కరిగించి పోసి అట్లు మొదలెట్టాను. ఇరుగుపొరుగు ఇరవై మంది ఆకులు పట్టుకుని కూర్చున్నారు. తడికట్టెలు పొగే తప్ప మంట రాదు. విసుగొచ్చి కిరసనాయిలు చల్లాను. మంట భగ్గుమని లేచింది.

బెల్లం కలిసిన పిండికి ఎర్రరంగు ఇట్టే వచ్చేస్తుంది. అంచులు కరకరలాడాయి, వాసన ఘుమఘుమలాడింది. చకచకా తిప్పి తీసేశాను. మొదటిది నీ ఆకులోనే వేశాను. "బావుంది తాతా" అన్నావు. ఇంకోటి కూడా తిన్నావు.

రాత్రి రెండింటికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయావు. రోడ్డు నిండా చెట్లు, ఆటో కాదు కదా సైకిలైనా పోదు. మీ మామ్మ వాము నలిపి వేడినీళ్ళతో పట్టించింది. నేను లాంతరు పట్టుకుని వంటింట్లోకి పోయి, మిగిలిన అట్టొకటి చీల్చి చూశాను. పైన చక్కటి రంగు. లోపల పచ్చి పిండి, వేలికి జిగురుగా అంటుకుంది. అన్నేళ్ళు అట్లు పోసినవాణ్ణి, నా మనవరాలికి పచ్చి పిండి పెట్టాను. తెల్లారేసరికి నీకు తగ్గిపోయింది, మళ్ళీ అట్టే కావాలన్నావు. నాకు పెనం ముట్టబుద్ధి కాలేదు. ఫోన్లు కలిశాక మీ అమ్మ, నీళ్ళు పడలేదేమో మావయ్యా అంది. ఊ అన్నాను. ఈ మాట మీ నాన్న కూడా ఇప్పుడే చదువుతున్నాడు. చదవనీ.

అందుకని రంగు చూసి తీసేయకు. పెనం బాగా కాగనిచ్చి మంట సిమ్‌లో పెట్టు. చిన్న గరిటెడు పిండి పొయ్యి, పరచకు, దానంతటదే సర్దుకుంటుంది. పైన బుడగలొచ్చి పగిలి, ఆ చిల్లులు మళ్ళీ పూడకుండా ఉండాలి, అంచు తడి ఆరాలి. అప్పుడు తిప్పు, ఒక్కసారే. అట్లకాడతో అదమకు, పొంగంతా అణిగిపోతుంది. రెండో వైపు సగం సేపు చాలు. మొదటిది ఎవరికీ పెట్టకు, మధ్యకి చీల్చి చూడు. తడిగా ఉంటే మంట ఇంకా తగ్గించు. తమ్ముడు పిండిలో వేలు పెట్టి నాకుతాడు, ఒక్కటి వెయ్యి. పచ్చి గుడ్డూ పచ్చి మైదా రెండూ కడుపుకి మంచివి కావు.

ఇంకోటి. మీ అమ్మ అట్లు పోసేటప్పుడు పెనానికి ఉల్లిపాయ రుద్దుతుంది. చూసి నువ్వూ రుద్దేవు. తేనె పోసిన పాన్‌కేకు ఉల్లి కంపు కొడితే పుట్టినరోజు గోవిందా. గుడ్డకి రెండు చుక్కల నూనె అద్ది తుడిస్తే చాలు.

జుట్టు ముడేసుకో. చున్నీ వద్దే వద్దు. పెనం కాడ లోపలికి తిప్పి పెట్టు. అయ్యాక రెగ్యులేటర్ కట్టెయ్, మీ నాన్న చూశాడా అని ఫోన్ చేసి అడుగుతాను.

శనివారం మీ బాబాయి రైల్లో వస్తున్నాడు, పావుకిలో జీడిగుళ్ళు పంపుతున్నాను. నేతిలో దోరగా వేయించి పైన చల్లు. పైడితల్లమ్మ సిరిమాను జాతరకి వచ్చినప్పుడు నాకూ రెండు చేసి పెట్టాలి, ఒకటి చోడిపిండి, అదే రాగిపిండి, కలిపి.

ఆ తిత్లీనాటి సంగతి మీ అమ్మకి చెప్పాలనిపిస్తే చెప్పు. తను తిన్నాక చెప్పు.

మీ తాత