కార్డు నిండా 120/80

మీరు అడిగింది ఇది: "మా యువజన సంఘం బస్తీల్లో గర్భిణులకు చెకప్ క్యాంపులు పెడదామనుకుంటోంది. మనలాంటి చోట్ల చెకప్‌లకు వచ్చేవాళ్లు పెరిగినా, ఆ చెకప్‌ల నాణ్యత ఎందుకు పెరగడం లేదు? ఎక్కడ మొదలుపెట్టాలి?"

నేను హైదరాబాద్‌లో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో 11 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. అయినా మీ ప్రశ్నకు జవాబు నాకు మా చెల్లెలి కార్డు చూశాకే తెలిసింది.

అది తన మొదటి కాన్పు. మరిది ఆటో నడుపుతాడు. ఇంటికి దగ్గర అని పక్క వీధిలోని ఆసుపత్రిలోనే చూపించుకుంది. నేను ఫోన్ చేసినప్పుడల్లా "చెకప్‌కి పోయినవా?" అని అడిగేదాన్ని. "పోయిన అక్కా, అంతా మంచిగుందన్నరు" అనేది. ఎనిమిదో నెలలో రెండు రోజులు తలనొప్పి అంది. వెళ్లి చెబితే పారాసిటమాల్ ఇచ్చి పంపారు. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేవాళ్లే, గర్భంలో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, అదే. 108లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి బీపీ 170/110. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు, ఆపరేషన్, 1,700 గ్రాముల పాప, 19 రోజులు ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ). తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

ఆ రోజు వార్డు బయట బల్ల మీద కూర్చుని తన కార్డు మొదటిసారి తెరిచాను. నాలుగు చెకప్‌లు. నాలుగు చోట్లా బీపీ 120/80. ఏ మనిషి బీపీ అయినా నెలల తరబడి ఒక్క అంకె కూడా కదలకుండా ఉండదు. కొలవకుండా రాశారు. "చేతికి పట్టీ కట్టి చూశారా?" అని తర్వాత అడిగితే "మొదటిసారి కట్టినట్టున్నరు అక్కా" అంది. నర్సునై ఉండి నేను కూడా తనను వెళ్లావా అని అడిగానే తప్ప, ఏం చూశారు, ఎంత ఉంది అని ఒక్కసారీ అడగలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

మన దగ్గర చెకప్‌ను కొలిచే పద్ధతి కూడా ఇదే. వచ్చిందా, రాలేదా. రావడం విషయంలో తెలంగాణ చాలా ముందుకు వెళ్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఇక్కడ 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018-20 లెక్కల్లో దేశం మొత్తం మీద 97 అయితే, తెలంగాణలో 43. ఎండలో గల్లీ గల్లీ తిరిగే ఆశాల కష్టం ఇందులో ఎంతో ఉంది. కానీ ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. మనిషి మన గడప దాకా వస్తోంది, చూపించుకుని వెళ్తోంది, రక్తం మాత్రం పెరగడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో నాలుగు చెకప్‌లు చాలవు, కనీసం 8 ఉండాలని చెప్పింది. అందులో 'విజిట్' అనే మాట తీసేసి 'కాంటాక్ట్' అని పెట్టారు. వచ్చి వెళ్లడం వేరు, ఆమెకూ చూసేవాళ్లకూ మధ్య నిజంగా మాటా పనీ జరగడం వేరు. నాకు ఆ మాట మార్పు చాలా నచ్చింది. ఉత్తుత్తి 120/80లు నాలుగుకు బదులు ఎనిమిది అయితే ఎవరికీ లాభం లేదు.

అలా రాసే నర్సులందరూ చెడ్డవాళ్లని నేను అనను. పొద్దున 9 నుంచి 1 లోపు 80 మంది, ఒకే బీపీ మెషీన్, దాని బ్యాటరీలు అయిపోయి ఉంటాయి, నింపాల్సిన రిజిస్టర్లు చాలా. పైనుంచి వచ్చే ఫోన్‌లో అడిగేది ఒకటే, "ఎంతమందిని చూశారు?" ఎంతమందికి బీపీ ఎక్కువ వచ్చింది, వాళ్లిప్పుడు ఎలా ఉన్నారు అని అడిగితే పని వేరేలా జరుగుతుంది. గర్భిణుల్లో వందకు 5 నుంచి 10 మందికి బీపీ సమస్య వస్తుంది. ఒక రిజిస్టర్‌లో 200 మంది ఉండి ఒక్కరికీ 140/90 దాటలేదంటే ఆ రిజిస్టర్‌ను నమ్మకండి. మీ క్యాంపులో మీరు పెట్టుకోవాల్సిన మొదటి లెక్క ఇదే.

మా సెంటర్‌లో మేం చేసిన మార్పులు చిన్నవి. వీపు ఆనేలా రెండు కుర్చీలు వేశాం. మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మాట్లాడించకుండా, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి చూస్తాం. లావు చేతులకు వేరే పట్టీ కొన్నాం. చూశాక అంకె గట్టిగా చెప్తాం: "నీ బీపీ 124/78 అమ్మా, పోయిన నెల 116/74 ఉండె." ఆ చెప్పడం వల్లే అసలు మార్పు వచ్చింది. రెండు నెలలు విన్నాక వాళ్లే అడగడం మొదలుపెట్టారు, "సిస్టర్, ఈసారి నాది చెప్పలేదు" అని. అలా అడుగుతుంటే కొలవకుండా రాయడం ఎవరికీ కుదరదు.

షుగర్ పరీక్షదీ ఇలాంటి కథే. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూడాలి. 140 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే గర్భంతో వచ్చిన షుగర్. మేం మొదట్లో అన్నీ అయ్యాక చివర్లో గ్లూకోజ్ ఇచ్చేవాళ్లం. రెండు గంటలు ఎవరు కూర్చుంటారు? ఇంట్లో పిల్లలుంటారు, కూలి పోతుంది, మధ్యాహ్నం నల్లా వస్తుంది. సగం మంది వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు చీటీ రాయగానే గ్లూకోజ్ ఇస్తాం. బరువు, బీపీ, మూత్రం పరీక్ష, డాక్టరమ్మ చూడటం అన్నీ ఆ రెండు గంటల్లోనే అయిపోతాయి. పైసా ఖర్చు లేదు, వరస మార్చామంతే.

ఐరన్ గోలీల గురించి మాత్రం కొంచెం పొడుగ్గానే రాస్తాను, మీ క్యాంపు వల్ల ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. మేం ఇస్తాం, వాళ్లు తీసుకుంటారు, రిజిస్టర్‌లో టిక్కు పడుతుంది. ఒకసారి ఒక ఇంటికి వెళ్తే బియ్యం డబ్బా వెనక ఏడు షీట్లు అలాగే ఉన్నాయి. ఆ అమ్మాయి తల దించుకుంది. వాళ్ల అత్తమ్మే చెప్పింది, "గోలీలు మింగితే బిడ్డ లావైతడు, కడుపు కోస్తరు, అందుకే నేనే వద్దన్న." ఆమెను తప్పు పట్టలేకపోయాను. ఆ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లు, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఆమె తన గల్లీలో చూసిందే చెప్పింది. గోలీకీ ఆపరేషన్‌కూ సంబంధం లేదని, రక్తం లేకుండా కాన్పుకు పోతే ఏమవుతుందో నెమ్మదిగా చెప్పాను. తర్వాతి చెకప్‌కు ఆమెను కూడా రమ్మన్నాను. కోడలి హిమోగ్లోబిన్ 8.2 అని మెషీన్‌లో ఆమెకే చూపించాం. కనీసం 11 ఉండాలమ్మా అన్నాను. నెల తర్వాత 9.4 వచ్చింది. ఆ నెలంతా రాత్రి అన్నం తిన్నాక గోలీ చేతిలో పెట్టింది ఆ అత్తమ్మే.

ఇంకా చెప్పాల్సినవి: మలం నల్లగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పాలి. చెప్పకపోతే మూడో రోజుకే మానేస్తారు. చాయ్‌తో వేసుకోవద్దు, ముందూ వెనకా గంట ఆగాలి. నిమ్మరసంతో మంచిది. కాల్షియం గోలీ అదే పూట వేసుకోకూడదు, రెండూ కలిస్తే ఐరన్ ఒంటికి పట్టదు. నెల రోజులు సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగకపోతే, లేదా మొదటే 7 కన్నా తక్కువ ఉంటే, పెద్దాసుపత్రికి పంపాలి.

తిట్టడం మాత్రం వద్దు. "ఇన్ని రోజులు ఏం చేస్తున్నవ్?" అని అందరి ముందూ అనిపించుకున్న మనిషి మళ్లీ రాదు. నాలుగో కాన్పు అని సిగ్గుపడి ఆరో నెల దాకా దాచుకున్నవాళ్లను చూశాను. ఒక తెర కట్టించండి, పరీక్ష చేసే మంచం బయటికి కనిపించకూడదు.

మన దగ్గర ఇంకో చిక్కు పుట్టిల్లు. ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని పాలమూరుకో నల్లగొండకో తీసుకెళ్తారు. బీపీ పెరిగేది ఎక్కువగా ఆ నెలల్లోనే, మేం తనను చూడలేనిదీ అప్పుడే. అందుకే ఆరో నెల చెకప్‌లోనే "కాన్పు ఎక్కడ?" అని అడిగి, కార్డు అన్ని పేజీలూ తన ఫోన్‌లోనూ భర్త ఫోన్‌లోనూ ఫోటో తీయిస్తాం. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు, రక్తం పోవడం, ఉమ్మనీరు కారడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దని వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్తాం. మా చెల్లెలి తలనొప్పి రెండు రోజులు ఉంది కదా, ఆ రెండు రోజులు చాలేవి.

మా చెల్లెలి రెండో కాన్పుకు, మళ్లీ అలా బీపీ పెరగకుండా 12వ వారం నుంచే డాక్టర్ తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాశారు. ప్రతి చెకప్ సాయంత్రం ఫోన్ చేసి అంకె చెప్పేది. బాబు నెలలు నిండాకే పుట్టాడు.

మీరు క్యాంపు పెట్టే ముందు ఒక పని చేయండి. ఆ బస్తీలో పది మంది గర్భిణుల కార్డులు అడిగి చూడండి, వరసగా ఒకే బీపీ ఎన్నింటిలో ఉందో లెక్కపెట్టండి. వేరే క్యాంపు బదులు, ప్రతి నెల 9న ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులను డాక్టర్లు చూసే రోజున వెళ్లి చేయందించడం మంచిది. 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమం అది. ఆ రోజు జనం ఎక్కువ, చేతులు తక్కువ. కుర్చీలు, బీపీ మెషీన్, రెండు సైజుల పట్టీలు, బ్యాటరీలు, గ్లూకోజ్ ప్యాకెట్లు, పిల్లల్ని ఆడించడానికి ఇద్దరు మనుషులు, ఇంతే కావాలి. ఏ బస్తీయో రాస్తే అక్కడి ఏఎన్‌ఎంతో (బస్తీలో తిరిగే ప్రభుత్వ నర్సుతో) ఎలా మాట్లాడాలో చెప్తాను.