అద్దె గదిలో వేసిన కొత్త రంగు పెచ్చులుగా లేస్తుంటే

రెండు కోట్లు వేసినా వారంలోనే లేస్తోందంటే, తప్పు మీరు కొన్న చవక రంగుది కాకపోవచ్చు. కింద ఉన్న పాత సున్నమో డిస్టెంపరో పొడిగా రాలుతోంది. కొత్త రంగు గోడను కాదు, ఆ పొడిని పట్టుకుంది.

రంగు వేయని చోట అరచేత్తో రుద్దండి. తెల్లగా అంటితే కారణం అదే. గోడ తడిగా, ఉప్పు పూసినట్టు ఉంటే మాత్రం ఆగండి, అది చెమ్మ. ఓనర్ బాగు చేయించాకే రంగు మాట.

1. మాస్కు పెట్టుకుని, లేచిన పెచ్చులు గీకేయండి. గట్టిగా ఉన్నచోట వదిలేసి, అంచులు గరుకు కాగితంతో రుద్దండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: దుమ్ము. గీకాక గోడ శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ ఉండదు. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, నీళ్లు మారుస్తూ తుడవండి. ఆరాక మళ్లీ అరచేత్తో రుద్ది చూడండి. ఇంకా అంటుతుంటే మళ్లీ తుడవాల్సిందే. నేను ఒక్కసారి తుడిచి సరిపెట్టుకుని, తర్వాత గోడంతా మళ్లీ గీకాను.

3. ప్రైమర్ (రంగు గోడకు పట్టేలా ముందుగా వేసే పూత) ఒక కోటు. ఖర్చు తగ్గాలంటే ఒక్క గోడకే రంగు వేయండి గానీ ఇది మానొద్దు.

4. డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి రంగు వేయండి.

పాత షేడ్ నంబర్ ఓనర్‌ని అడిగి రాసిపెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు కావాలి.