ప్రశ్నపత్రం చూసిపెట్టమన్నావు కదా

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

డిగ్రీ పిల్లల కోసం నువ్వు తయారుచేసిన ప్రశ్నపత్రం అందింది. ఐరోపా, అమెరికాల రాజకీయ, మత చరిత్ర మీద అడిగినవాటిలో చాలావరకు ‘ఏ సంవత్సరంలో?’ అన్నవే. కేథలిక్ చర్చి మీద లూథర్ ధిక్కారం 1517, ఫ్రాన్స్ ప్రొటెస్టెంట్లకు హక్కులిచ్చిన నాంట్ శాసనం 1598, ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన వెస్ట్‌ఫాలియా సంధి 1648. బట్టీ పట్టినవాడికి పండగే!

సంవత్సరం నువ్వే ఇచ్చేసి, ఆ తర్వాత అడుగు. 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందాన్నే తీసుకో. జర్మన్ రాజ్యాల్లో ఏలిక మతమే ఆ రాజ్యం మతం అన్నారు. అది కేథలిక్ కావచ్చు, లూథరన్ కావచ్చు. మరి ఈ ఒప్పందం ఎవరిని గాలికి వదిలేసింది? మరో ప్రొటెస్టెంట్ శాఖ అయిన కాల్వినిస్టులను అని రాసినవాడికి, 1618లో మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధానికి ఒక కారణం కూడా తెలిసినట్టే. వాళ్లకు చట్టపరమైన గుర్తింపు 1648లో గానీ దక్కలేదు.

బిట్లలో అసలు పనితనమంతా తప్పు జవాబుల్లోనే ఉంటుంది. ‘మతానికీ ప్రభుత్వానికీ మధ్య అడ్డుగోడ’ అన్న మాట ఎక్కడిదని అడిగి, జవాబుల్లో అమెరికా రాజ్యాంగాన్ని పెట్టావు. భేష్, చాలామంది అక్కడే బోల్తా పడతారు. కానీ 1215 నాటి ఇంగ్లండ్ హక్కుల పత్రం మాగ్నా కార్టా ఎందుకమ్మా? దాని జోలికి ఎవరూ పోరు. దాన్ని తీసేసి 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1786 వర్జీనియా మతస్వేచ్ఛా చట్టం చేర్చు. రెండూ అమెరికా మూడో అధ్యక్షుడు జెఫర్సన్ రాసినవే కాబట్టి సగం తెలిసినవాడు తడబడతాడు. సరైన జవాబు, 1802లో డాన్‌బరీ బాప్టిస్టులకు ఆయన రాసిన ఉత్తరం. ఇంకొకటి, ప్రశ్నలో జెఫర్సన్ పేరు తప్పకుండా ఉండాలి. రోడ్ ఐలాండ్ వలసను స్థాపించిన రోజర్ విలియమ్స్ 1644లోనే అలాంటి గోడ గురించి రాశాడు. పేరు లేకపోతే బాగా చదివిన పిల్ల ఎవరో నిన్ను నిలదీస్తుంది, అప్పుడు మార్కు ఇవ్వక తప్పదు.

‘ప్యూరిటన్లు మతస్వేచ్ఛ కోసం అమెరికా వెళ్లారు: ఒప్పా, తప్పా?’ అన్నది కొట్టేశాను. ఇంగ్లండ్ చర్చిని ఇంకా శుద్ధి చేయాలన్న ఆ ప్రొటెస్టెంట్లు తమ స్వేచ్ఛ కోసం వెళ్లారు, నిజమే. ఇతరులకు ఇవ్వడానికి మాత్రం కాదు. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖకు చెంది, బహిష్కరించినా మళ్లీ వచ్చిన మేరీ డయ్యర్‌ను 1660లో ప్యూరిటన్ల ఏలుబడిలోని బోస్టన్‌లో ఉరితీశారు. ఆ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి, అక్కడి పాలకులకు అంత భయం ఎందుకని ఐదు మార్కులకు అడుగు. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతం చేయకూడదన్న 1791 అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ తర్వాత కూడా మసాచుసెట్స్‌లో చర్చి పన్ను 1833 దాకా ఎలా సాగిందన్నది దానికి జోడీ. ఆ సవరణ అప్పట్లో కట్టడి చేసింది అక్కడి కేంద్ర చట్టసభ కాంగ్రెస్‌నే గానీ రాష్ట్రాలను కాదని ఎంతమంది రాస్తారో చూడాలని నాకూ కుతూహలంగా ఉంది.

తెలుగు మాధ్యమం పిల్లలు స్విస్ మత సంస్కర్త జ్వింగ్లీ పేరును ఎలా రాసినా మార్కులు కోయకు. పోపుల పేర్ల మీది ప్రశ్నలన్నీ తీసేయి. సవరించి పంపితే మళ్లీ చూస్తాను.

మీ పెదనాన్న