ఆ గుండుకి ఎలా తెలుస్తుంది?

చిరంజీవికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. ఫిరంగి గుండ్ల ఫ్యూజుల్లో భద్రత ఎలా పెరుగుతూ వచ్చిందన్న వ్యాసం. రెండుసార్లు చదివాను. మొదటిసారి నిద్రొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది. ఇంత మంచి వస్తువు చేతికి చిక్కితే దాన్ని సంవత్సరాల పట్టికగా మార్చేశావేమిటని.

"మానవజాతి సాంకేతిక ప్రగతిలో" అని మొదలెట్టావు. ఆ పేరా మొత్తం కొట్టెయ్. అది ట్రాక్టర్ మీద వ్యాసానికైనా, టెలిఫోన్ మీద వ్యాసానికైనా అతుకుతుంది. దేనికైనా అతికేది దేనికీ పనికిరాదు.

రెండో పేరాలో నేరుగా "ఫ్యూజు" అనేశావు. మామూలు మనిషికి ఫ్యూజంటే కరెంటు పోయినప్పుడు గుర్తొచ్చే తీగముక్క. దాని పని, ప్రమాదం ముదరకముందే తెగిపోవడం. గుండు ముక్కుకి బిగించే ఫ్యూజు పని వేరు. సరైన చోట, సరైన క్షణంలో గుండుని పేల్చడం. ఒక్క వాక్యంలో ఈ చిక్కు విప్పెయ్. నేనూ ఒకప్పుడు ఇక్కడే బోల్తా పడ్డాను. ఒక వ్యాసంలో "ఫ్యూజు కాలిపోవడం వల్ల గుండు పేలలేదు" అని రాశాను. ఫిరంగి దళంలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు కార్డు ముక్క రాశారు: "అయ్యా, కాలితేనే కదండీ పేలేది." అంతే, ఇంకేమీ రాయలేదు. ఆ కార్డు చాలా ఏళ్లు నా బల్ల మీదే ఉంది.

ఇక అసలు సంగతి. నీ వ్యాసంలో ఇరవై ఫ్యూజుల పేర్లున్నాయి. ఫిరంగి వెనక నిలబడ్డ మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఫ్యూజు భద్రత అంటే మొట్టమొదట ఆ మనిషి ప్రాణం. ప్రతి మార్పు దగ్గరా నిన్ను నువ్వే అడుగు: ఇది రాకముందు ఎవరు పోయేవారు, ఎక్కడ నిలబడి పోయేవారు?

పాత మోర్టార్ దగ్గర నుంచి మొదలెట్టు. పొట్టి గొట్టం, అందులో బోలు ఇనప గుండు, గుండు నిండా పేలుడు మందు. గుండుకి చేసిన రంధ్రంలో చెక్క గొట్టం, ఆ చెక్క గొట్టం నిండా నెమ్మదిగా కాలే మసాలా. అదే ఫ్యూజు. ఎంతసేపు కాలాలో చూసుకుని దాన్ని కోసుకునేవారు. గన్నర్, అంటే ఫిరంగి కాల్చేవాడు, మొదట గొట్టంలో ఉన్న గుండు ఫ్యూజు అంటించాలి, ఆ తర్వాత మోర్టార్ అంటించాలి. రెండు నిప్పులు. మొదటి నిప్పు అంటుకుని రెండోది అంటుకోలేదనుకో. మోర్టార్‌లో మందు చెమ్మగిల్లి ఉండొచ్చు, నిప్పు రంధ్రం పూడిపోయి ఉండొచ్చు. గుండు గొట్టంలోనే కూర్చుని ఉంటుంది, ఫ్యూజు సుయ్‌మని కాలుతూనే ఉంటుంది. ఆ గన్నర్‌కి ఉన్న టైమ్, తను కోసిన ఫ్యూజు పొడవంత. నీ వ్యాసంలో దీనికి "ప్రారంభ దశలో కొన్ని ఇబ్బందులు ఉండేవి" అని ఒక్క వాక్యం! ఆ ఇబ్బంది దగ్గర ఒక పేజీ ఆగు నాయనా.

తర్వాత వచ్చిన మార్పు ఎవరో మేధావి గదిలో కూర్చుని కనిపెట్టింది కాదు. గుండుకీ గొట్టానికీ మధ్య కాస్త సందు ఉంటుంది. మోర్టార్ పేలినప్పుడు మంట ఆ సందులోంచి గుండు ముందుకి ఎగబాకి, ఫ్యూజుని తనే అంటిస్తుందని గన్నర్లు గమనించారు. ఇక విడిగా అంటించే పనే లేదు. మోర్టార్ పేలకపోతే ఫ్యూజూ వెలగదు. ఇంతకన్నా చక్కటి భద్రత ఏముంటుంది చెప్పు? కొత్త పరికరం ఒక్కటీ చేర్చలేదు, ఒక పని తీసేశారంతే. ఇలాంటి చోట పాఠకుణ్ణి కాసేపు కూర్చోబెట్టాలి.

కానీ ఆ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. 19వ శతాబ్దం మధ్యలో మరలు కోసిన గొట్టాలు (లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి, గుండుని తిప్పుతూ పంపడానికి), వెనక నుంచి నింపే ఫిరంగులు వచ్చాయి. గుండు గొట్టానికి బిగుతుగా పట్టేస్తుంది కాబట్టి సందు లేదు, మంట ముందుకి రాదు. మరి ఫ్యూజుకి నిప్పు ఎవరు పెట్టాలి? తను ఫిరంగిలోంచి బయల్దేరానని ఆ గుండుకి ఎలా తెలుస్తుంది? నీ వ్యాసానికి వెన్నెముక ఈ ప్రశ్నే. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఫ్యూజులు చేసేవాళ్లు ఈ ప్రశ్నకే జవాబులు వెతుకుతున్నారు.

మొదటి జవాబు, తన్ను. ఫిరంగి పేలగానే గుండు ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. లోపల ఉన్న వదులు భాగాలన్నీ వెనక్కి పడతాయి. బస్సు ఉన్నట్టుండి కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టే, కాకపోతే ఇక్కడ ఆ ఊపు గురుత్వాకర్షణకి వేల రెట్లు. మామూలుగా కదలని చిన్న లోహపు ముక్క ఒకటి, ఆ తన్నుకి తనని పట్టుకున్న సన్నటి తీగని తెంచుకుని వెనక్కి జారి, లోపలి భాగాన్ని విడిపిస్తుంది. గన్నర్‌ని చంపగల తన్నునే గన్నర్‌ని కాపాడే తాళంచెవిగా వాడుకున్నారన్నమాట.

ఇక్కడ పాఠకుడు తప్పకుండా అడుగుతాడు, నువ్వే ముందు అడుగు: బండి మీంచి దించుతుంటే గుండు జారి రాతి మీద పడిందనుకో, అదీ తన్నే కదా? అవును, గట్టి తన్నే. కానీ కింద పడ్డ దెబ్బ రెప్పపాటులో వందో వంతు కూడా ఉండదు. ఫిరంగి తన్ను గొట్టం పొడవునా సాగుతుంది, కొన్ని మిల్లీసెకన్ల పాటు. ఆ తేడాని పట్టుకునేలా స్ప్రింగులు, బరువులు అమర్చారు. అయినా ఒక్క గుర్తు మీదే ఆధారపడితే ఎప్పుడో ఒకప్పుడు మోసపోతాం. అందుకే రెండో గుర్తు వెతికారు. అదే తిరుగుడు. మరలున్న గొట్టంలోంచి వచ్చే గుండు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. కింద పడ్డ గుండు దొర్లుతుందేమో గానీ ఆ వేగంతో తిరగదు. పెట్టెలో కుదుపులకీ అలా తిరగదు. తిరుగుడుకి పక్కకి తప్పుకునే చిన్న బోల్టులు పెట్టారు. తన్నూ తగలాలి, తిరుగుడూ రావాలి. ఈ రెండూ కలిసి వచ్చే చోటు లోకంలో ఒక్కటే ఉంది, ఫిరంగి గొట్టం.

ఈ పేరా సాంతం నువ్వే నీ మాటల్లో రాయాలి. చేతిలో అగ్గిపెట్టో, పెన్నో పట్టుకుని, అది గుండు అనుకుని, లోపల ఏం కదులుతుందో చూస్తూ రాయి. అర్థం కాకపోతే ఆపెయ్, పుస్తకం తెరువు. అర్థం కానిదాన్ని పెద్ద మాటలతో కప్పెట్టే అలవాటు నీలో ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. "సంక్లిష్ట యాంత్రిక వ్యవస్థ" అని మూడుసార్లు వాడావు.

బోర్మన్ ఫ్యూజు గురించి రాసింది బాగుంది, కానీ సగంలో వదిలేశావు. బెల్జియం అధికారి బోర్మన్ చేసిన ఆ మెత్తటి లోహపు బిళ్లని, దాని మీద సెకన్ల గీతల్ని, గన్నర్ కావలసిన గీత దగ్గర పొడిచి తెరవడాన్ని అందంగా వర్ణించావు. మరి అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్లు దాన్ని చూసి తమ కార్ఖానాల్లో పోతపోస్తే ఏమైంది? లోపలి మసాలా వలయం మూత సరిగా కూర్చోలేదు. నిప్పు గీతల దారిన పోకుండా అడ్డదారిన పోయింది. గుండ్లు తొందరపడి, ముందు వరసలో ఉన్న సొంత సైనికుల నెత్తిన పేలాయి. మా తలల మీదుగా కాల్చొద్దు మహాప్రభో అని కాల్బలం వాళ్లే మొత్తుకున్నారు. 1862 ముగిసేసరికి ఆ ఫ్యూజు తయారీ మానుకున్నారు. బొమ్మ ఒకటే, తయారీ వేరు. చరిత్ర అంటే కనిపెట్టినవాళ్ల పేర్లేనని అనుకునేవాళ్లకి ఈ కథ చెప్పాలి. కార్ఖానాలో మూత బిగించిన చేతులది కూడా ఆ చరిత్రే.

మొదటి ప్రపంచయుద్ధం దగ్గర నువ్వు అంకెల వర్షం కురిపించావు. నేనైతే ఒక్క వస్తువు దగ్గరే నిలబడతాను. బ్రిటిష్ 106 నంబర్ ఫ్యూజు. 1917లో పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చింది. అంతకుముందు, నేలకి తగిలి పేలే గుండ్లు చాలావరకు నేలలో దిగబడ్డాకే పేలేవి. గొయ్యి పడేది, ముళ్లతీగ మాత్రం చెక్కుచెదరక అలాగే ఉండేది. 106 నేల తాకీతాకగానే పేలుతుంది. అంత సున్నితమైనదాన్ని గొట్టంలో ఎలా నమ్మడం? ముక్కు దగ్గరి సుత్తి వెనక్కి రాకుండా కాలర్ ముక్కలు పెట్టి, వాటి చుట్టూ ఒక పట్టీ చుట్టారు. పట్టీ చివర చిన్న బరువు. గన్నర్ పైమూత తీసి గుండుని ఫిరంగిలో పెడతాడు. గుండు గొట్టం దాటి గాలిలో తిరుగుతుంటే బరువు బయటికి లాగుతుంది, పట్టీ విడిపోతుంది, కాలర్ రాలిపోతుంది. బొంగరం తాడు విడినట్టు. పట్టీ పూర్తిగా విడేసరికి గుండు మనవాళ్లకి దూరంగా పోయి ఉంటుంది.

అది కూడా చాలలేదు. పట్టీ, కాలర్ ఎంత బాగున్నా, ఫ్యూజులోని డిటొనేటర్ తన్నుకే దానంతటది పేలితే? గుండులో నింపే పేలుడు మందు టీఎన్‌టీ బద్ధకిష్టి, కరిగించి పోసినా ఊరుకుంటుంది. దాన్ని నిద్రలేపడానికి పెట్టే చిటికెడు డిటొనేటర్ మందు మాత్రం ముట్టుకుంటే భగ్గుమనే రకం. కోపిష్టినీ బద్ధకిష్టినీ ఒకే గదిలో పెట్టి, మధ్య తలుపు తీసి ఉంచడమే తప్పని గ్రహించారు. అందుకే షటర్ వచ్చింది. 106లో తర్వాత వచ్చిన రకంలోనూ అది ఉంది. డిటొనేటర్‌కీ అసలు మందుకీ మధ్య లోహపు తలుపు. గొట్టంలో ఉన్నంతసేపూ తలుపు మూసే ఉంటుంది. డిటొనేటర్ ముందే పేలినా ఆ మంట తలుపుకి కొట్టుకుని చల్లారుతుంది. గుండు పేలకుండా పోయి ఎక్కడో పడుతుంది. గన్నర్ బతుకుతాడు. నన్నడిగితే ఈ చరిత్ర మొత్తంలో పెద్ద మలుపు ఇదే. అంతవరకూ "పొరపాటు జరక్కూడదు" అనుకున్నారు. ఇప్పుడు "జరుగుతుంది, జరిగినా మనిషి పోకూడదు" అన్నారు. నీ వ్యాసంలో షటర్ అనే మాటే లేదు!

లక్ష్యం దగ్గరపడిందని రేడియో తరంగాలతో పసిగట్టి పేల్చే ప్రాక్సిమిటీ ఫ్యూజు మీద నువ్వు నాలుగు పేజీలు రాశావు. అందరూ రాసేదే. దాన్ని ఒక పేజీకి కుదించు. 1943 జనవరిలో అమెరికా యుద్ధనౌక హెలెనా దానితో జపాన్ విమానాన్ని కూల్చిన సంగతి ఒక వాక్యంలో చాలు. నీ అంశం భద్రత కాబట్టి పాదరసం స్విచ్ గురించి చెప్పు. గుండు తిరిగితే పాదరసం సన్నటి రంధ్రాల గోడలోంచి మెల్లగా అవతలికి ఊరుతుంది. అది ఊరిపోయేదాకా కరెంటు డిటొనేటర్‌కి చేరదు. బ్యాటరీలోని ద్రవం కూడా గాజు బుడ్డిలో వేరుగా ఉంటుంది, తన్నుకి బుడ్డి పగిలితేనే కరెంటు పుడుతుంది. రేడియో కొత్తదే గానీ, తన్ను, తిరుగుడు పాతవే. పాఠకుడికి ఆ పాత చుట్టాల్ని మళ్లీ పరిచయం చెయ్, సంతోషిస్తాడు.

ఇక్కడితో అంతా సుఖాంతం అన్నట్టు ముగించావు. అక్కడే నాకు బాగా కోపమొచ్చింది. 1972 అక్టోబర్ 1న, అర్ధరాత్రి దాటాక, వియత్నాం తీరం దగ్గర న్యూపోర్ట్ న్యూస్ అనే అమెరికా యుద్ధనౌకలో ఎనిమిదంగుళాల గుండు ఫిరంగి గొట్టంలోనే పేలింది. రెండో టరెట్ (ఫిరంగులుండే తిరిగే గూడు), మధ్య గొట్టం. 20 మంది పోయారు. కారణం, గుండులోని సహాయక ఫ్యూజులో లోపం. షటర్లు, బోల్టులు, ఇన్నేళ్ల అనుభవం అన్నీ ఉన్న కాలంలో జరిగిందది. దీన్ని రాయకుండా "నేడు ఫ్యూజులు పూర్తిగా సురక్షితం" అని ఎలా రాశావు? అమెరికా సైనిక ప్రమాణం మిల్ స్టాండర్డ్ 1316 కూడా "పూర్తిగా" అనదు. కనీసం రెండు తాళాలు ఉండాలి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, వేర్వేరు కారణాలకి తెరుచుకోవాలి, ఆర్మింగ్ (ఫ్యూజు పేలడానికి సిద్ధమవడం) మొదలయ్యేలోపు విఫలమయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి మించకూడదు అంటుంది. వాళ్లు సున్నా అని రాయలేదు చూశావా.

ఇంకొకటి. భద్రత అంటే ఎవరి భద్రత అన్నది ఒక్కసారైనా అడగాలి. తలుపు గట్టిగా మూసుకునే కొద్దీ, పేలాల్సిన చోట పేలని గుండ్ల సమస్య వస్తుంది. ఫ్రాన్సు, బెల్జియం రైతులు దున్నుతుంటే మొదటి యుద్ధపు గుండ్లు ఇప్పటికీ నాగలికి తగులుతున్నాయి. 1941 డిసెంబర్ 7న, పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రోజు, పక్కనే ఉన్న హొనొలులు ఊళ్లో జరిగిన పేలుళ్లలో ఎక్కువ భాగం అమెరికా నౌకలు విమానాల మీదికి కాల్చిన గుండ్లవే. గాలిలో పేలకుండా పోయి, ఇళ్ల మధ్య పడి పేలాయి. ఇక తగలాల్సిన చోట తగిలి పేలిన గుండు కింద ఉన్నవాళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. నువ్వు ఉపన్యాసం ఇవ్వమని కాదు. నాలుగు వాక్యాలు, పొడిగా, అంతే.

భాష గురించి ఒక మాట. "విస్ఫోటక ప్రేరకం", "ఆఘాత సంవేది" లాంటివి ఎవరూ అనరు. ఫ్యూజు, డిటొనేటర్, షటర్ అనే రాయి. తన్ను, తిరుగుడు, తలుపు లాంటివి మనకే ఉన్నాయిగా, వాటితోనే నడుపు.

చివరగా, ఏడో పేజీలో "గన్నర్ పిన్ను లాగి 106 ఫ్యూజు గుండుని ఫిరంగిలో పెట్టాడు" అని రాశావు. దానికి తీయాల్సింది మూత. పిన్ను ఎక్కడి నుంచి తెచ్చావు, సినిమాలో గ్రెనేడ్ చూసి కాదు కదా? సరిచేసి, కొత్త ప్రతి పంపు. పోస్టులో పంపితే అక్షరాలు కాస్త పెద్దవి చెయ్, నా కళ్లజోడు ఇంకా రిపేర్‌లోనే ఉంది.

ఉంటాను.